తొంభై ఎనిమిది డిగ్రీల దగ్గర

"ఇది ఇవాళ ఆగిపోద్ది యశస్వినీ. పొద్దుట్నుంచీ నా గుండె దడ తగ్గట్లా."

షంషాద్ మానిటర్ మూల ఉన్న అంకె మీంచి చూపు తిప్పలేదు. 71. ప్రాసెసర్ టెంపరేచర్.

"నిన్న వచ్చిన దగ్గర్నుంచీ ఇదే పాటక్కా!" యశస్విని నల్ల కళ్ళద్దాలు తల మీదికి తోసి నవ్వింది. హెడ్‌క్వార్టర్స్ నుంచి సాయానికి వచ్చిన ఏజెంట్. ఆమె సెంటు వాసన ఆ రేకుల గదికి అసలు నప్పలేదు.

మాచర్ల స్టేషన్ రోడ్డులో ఆ గదికి 'జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు' అని బోర్డు ఉంది. లోపల కూర్చునే షంషాద్ ఒక సీక్రెట్ ఏజెంట్ అని వీధిలో ఎవరికీ తెలియదు. చదివింది పదో తరగతి. ఆమెను ఎంచుకున్న రోజు చీఫ్ జయకర్ అన్నది ఒకటే మాట: "ధైర్యవంతులు నా దగ్గర బోలెడుమంది. ఏం కొంప మునుగుద్దోనని ముందే భయపడే మనిషే లేదు."

వచ్చి పంతొమ్మిది నెలలు. "నీకెవరూ లేరా వదినా?" అని పక్కింటివాళ్ళు అడిగితే, "ఎవరూ లేరమ్మా" అనేది. మొదట్లో అది కవర్ స్టోరీ. రానురాను ఆ మాట నోటికి అలవాటైంది. రెండు రంజాన్‌లు ఆ గదిలోనే గడిచాయి. ఆమె మాట్లాడితే మారుపలికేది ఆ కంప్యూటర్ ఫ్యాను ఒక్కటే.

పొద్దున చెవిలోని ఇయర్‌ఫోన్‌లో జయకర్ బ్రీఫింగ్ మూడు ముక్కల్లో అయిపోయింది.

"విదేశీ ముఠా ప్యాసింజర్ రైల్లో బాంబు పెడుతోంది. పేలే టైమ్ రెండు నలభై. ఎక్కడ పెట్టారో చెప్పే ఫైల్ నీకు పంపాం. దాని కోడ్ విప్పాలి."

"రైలు ఆపేస్తే పోదా సార్?"

"ఆపితే లోపలున్న వాళ్ళ మనిషి రిమోట్ నొక్కుతాడు."

"మరి రైల్లో మన మనిషెవరు?"

"హీనా. ముఠాలో చేరి ఆ ఫైల్ తెచ్చింది ఆ అమ్మాయే. వింటుంది, పక్కన వాళ్ళ మనిషి ఉంటాడు గనక మాట్లాడదు. నంబర్ నువ్వే చెప్పాలి."

హీనా షంషాద్ కూతురు. ఒక్కగానొక్క కూతురు.

రెండూ పన్నెండు. రైలు కదిలి చాలాసేపైంది. కోడ్ అరవై ఒక్క శాతం విడింది. టెంపరేచర్ 84.

"పత్తి దూదే పట్టుంటుంది," అంది యశస్విని. "మీ ఊళ్ళో కంప్యూటర్లన్నీ చచ్చేది దానితోనేగా. ఆపి ఒకసారి క్లీన్ చేద్దామా?"

"మెషిన్ ఆపితే మళ్ళా సున్నా నుంచి మొదలెట్టాలి తల్లీ."

"అయితే నీ ఇష్టం. నేనొక ఫోన్ మాట్లాడొస్తా." యశస్విని బయటికి నడిచింది.

దూది గురించి ఆమె చెప్పింది అబద్ధం కాదు. జిన్నింగ్ మిల్లుల దూది మాచర్లలో ఏ ఫ్యానునూ వదలదు. అందుకే షంషాద్ ప్రతి శుక్రవారం పెయింట్ బ్రష్షుతో, సైకిల్ పంపుతో లోపలంతా దులుపుతుంది. నిన్ననే శుక్రవారం. దులిపింది. మరి దూది ఎక్కడిది?

91.

షంషాద్ కంప్యూటర్ కేబినెట్ పక్క రేకు విప్పింది. దూది పోగు కూడా లేదు. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. భయం భయంగా హీట్ సింక్ మీద వేలు పెట్టింది. ప్రాసెసర్ వేడినంతా లాక్కోవలసిన అల్యూమినియం దిమ్మ అది. చల్లగా ఉంది!

కింద పొయ్యి మండుతుంటే మీద గిన్నె చల్లగా ఎందుకుంటుంది? రెంటి మధ్యా ఏదో అడ్డం ఉంది.

పొద్దున తను ఫజర్ నమాజులో ఉండగా, "కొత్త థర్మల్ పేస్ట్ పంపారక్కా, ఆ దిమ్మ కింద నేను రాసేస్తాలే" అన్నది ఎవరు?

షంషాద్ ఒక్క ఉదుటున లేచి షట్టర్ లాగి లోపల గడియ పెట్టింది. జపం చేసుకునే తస్బీలో పెద్ద పూస నొక్కింది. అది ట్రాన్స్‌మిటర్. "సార్, ఒక నిమ్మసోడా." ఇంటిదొంగ దొరికితే పలకాల్సిన కోడ్ వర్డ్. ఎదురుగా గోళీసోడా బండి దగ్గర లుంగీ కట్టుకుని నిలబడ్డ మనిషి జయకరే.

"అక్కా! ఏంది నువ్వు చేసేది? తలుపు తియ్!" షట్టర్ మీద దబదబా బాదుడు.

"దూదన్నావు గదా తల్లీ. దులుపుకుంటన్నా."

98. వంద దాటితే మెషిన్ తనంతట తానే ఆగిపోతుంది. షంషాద్ పాజ్ నొక్కింది. కోడ్ పోదు, కానీ ముందుకూ సాగదు. టైమ్ మాత్రం ఆగదు. అంకె దిగుతోంది. 90. 81. 70.

నాలుగు స్క్రూలూ కాస్త కాస్త వదులు చేసింది. దిమ్మ కింద పల్చటి ప్లాస్టిక్ కాగితం అంచు తళుక్కుమంది. ముల్లు తీసే శ్రావణంతో దాన్ని పట్టింది. చెయ్యి వణికితే ప్రాసెసర్ కదులుతుంది, కదిలితే అంతా అయిపోతుంది. పిల్ల అరికాల్లో ముల్లు తీసినంత నెమ్మదిగా లాగింది. కాగితం బయటికొచ్చింది. స్క్రూలు బిగించింది. రిజ్యూమ్.

బయట సోడా సీసా పగిలింది. ఒక్కసారి పిస్తోలు పేలింది.

"లిప్‌స్టిక్కులో పెట్టుకుందమ్మా పిస్తోలు," చెవిలో జయకర్ ఆయాసపడుతున్నాడు. "బేడీలు వేశాం. నీ పని కానీ."

హీట్ సింక్ ఇప్పుడు వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనానికి షంషాద్‌కు ఏడుపొచ్చింది. 74 దగ్గర అంకె నిలబడింది. తొంభై శాతం. తొంభై ఆరు. రెండూ ముప్ఫై ఏడుకు ఫైల్ తెరుచుకుంది.

"హీనా! మూడో పెట్టె. నలభై ఒకటో సీటు కింద. నేను, అమ్మీని."

ఇయర్‌ఫోన్‌ను చెవికి అదుముకుంది.

రెండూ ముప్ఫై తొమ్మిది. రెండూ నలభై. షట్టర్ మూసిన గదిలో చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవాలని తోచలేదు. తెల్లగుడ్డ కప్పిన ఆకారం ఒకటి కళ్ళముందు కదిలింది. ఎవరూ లేరని ఇన్నాళ్ళు అబద్ధమాడినందుకు అల్లా అదే నిజం చేశాడేమో!

రెండూ నలభై మూడు.

"ఒక్క మాటన్నా అను బిడ్డా..."

చెవిలో గరగర. రైలు చప్పుడు. ఆ వెనకే పంతొమ్మిది నెలల తర్వాత ఆ గొంతు.

"వైరు కోశానమ్మీ. రిమోట్ వాడూ దొరికాడు. కాకపోతే నేను లేచిన ఆ కాస్తలో నా కిటికీ సీట్లో ఎవరో పెద్దమ్మ కూర్చుంది. ఎంత చెప్పినా లేవట్లా!"