జనరల్ సీటు

డ్రైవింగ్ స్కూల్ మాస్టారికి ఆ వార్డు కౌన్సిలర్ మొదటిరోజే నచ్చలేదు. క్లచ్ వదలమంటే, "ఎందుకు వదలాలి?" అని అడిగింది.

"వదిలితేనే బండి కదుల్తుంది మేడమ్."

"మెల్లగానా, ఒక్కసారిగానా? అది చెప్పరేం?"

అతను చెప్పేలోపే ఒక్కసారిగా వదిలేసింది. బండి గెంతి ఆగింది. మాస్టారి నుదురు అద్దానికి తగిలింది.

"సారీ," అంది, ఆ ఛాయలేవీ లేని ముఖంతో.

"మీకు డ్రైవింగ్ ఎందుకండీ? మీ అన్నయ్యగారు తిప్పుతున్నారుగా."

"అందుకే. ఏ మీటింగుకెళ్లినా అందరూ స్టీరింగ్ దగ్గర్నుంచి దిగినవాడికే దండం పెడుతున్నారు."

నాలుగేళ్ల కిందట ఆ వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయినప్పుడు పార్టీ ఆమెను నిలబెట్టింది. పేరు చెల్లెలిది, పెత్తనం తనదీ అనుకున్నాడు అన్నయ్య. ఆమె అలా అనుకోలేదు. సందుల్లో లైట్లు వేయించింది. మార్కెట్ దగ్గర ఆడవాళ్లకు టాయిలెట్లు కట్టించింది. ఇప్పుడు కారు తాళాలు కూడా అడుగుతోంది.

ఆమెకు డ్రైవింగ్ త్వరగానే వచ్చేసింది. అయినా క్లాసులు ఆగలేదు. వానలో నడపడం వేరే విద్య అన్నాడు మాస్టారు. వానలు తగ్గాక, ఎండలో నడపడం ఇంకా కష్టమన్నాడు. ఆమె నిజమేనంది. అద్దంలో వెనక వచ్చే బండ్లను చూడాల్సిన ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న సందర్భాలు కొన్ని ఉన్నాయి. బండికి మాత్రం ఏమీ కాలేదు.

ఎన్నికలొచ్చాయి. ఈసారి వార్డు జనరల్ అయింది. పార్టీ అధ్యక్షుడు మాస్టారిని పిలిపించాడు.

"సీటు మళ్లీ మనకొచ్చిందయ్యా. నువ్వే నిలబడాలి."

"ఆవిడ ఉన్నారుగా సర్."

"ఆడవాళ్ల సీటిచ్చాం, చేసింది. బాగానే చేసింది. ఇప్పుడు జనరల్ కదా."

కాలేజీ రోజుల నుంచీ ఆ పార్టీకి పోస్టర్లు అంటించిన మాస్టారు కాదనలేకపోయాడు. నిజానికి సంతోషించాడు. ఆ సంగతి కార్లోనే ఆమెకు చెప్పాడు. బయట వాన పడుతోంది. ఆమె బండి పక్కకు తీసి ఆపింది.

"జనరల్ అంటే మగవాళ్లకని ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు."

"మరి?"

"అలవాటు," అన్నాడు మాస్టారు.

"అయితే నేనూ నిలబడుతున్నా. ఇండిపెండెంట్‌గా."

మర్నాడు అతను ఆమె ఆఫీసుకెళ్లి, నామినేషన్ వేయనన్నాడు.

"ఎందుకని?"

"మీరంటే ఇష్టం."

ఆమె చేతిలో పెన్ను ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అది వేరే విషయం. ఎన్నికలయ్యాక మాట్లాడదాం. మీరు తప్పుకుంటే మాత్రం ఇక మాట్లాడను. ఇన్నాళ్లూ రిజర్వేషన్‌లో వచ్చిందన్నారు. ఇప్పుడు ప్రేమలో వచ్చింది అనిపించుకోవాలా?"

"మీరు ఓడిపోతే?"

"ఓడిపోతాను. మీరు మాత్రం గట్టిగా పోటీ చెయ్యండి."

గట్టిగానే చేశాడు. కుళాయి నీళ్లు తెల్లారకముందే వదిలితే ఎవరు లేచి పట్టుకోవాలని ప్రతి గడపలో అడిగాడు. మంచి పాయింటని ఆమె కూడా తన కరపత్రంలో వేసుకుంది.

ఒక సభలో అధ్యక్షుడు మైకు పట్టుకుని, "ఒకసారి ఇచ్చాం. ఆడమనిషికి ఇంకా ఇంత ఆశేంటి?" అన్నాడు. జనం నవ్వారు. మాస్టారు లేచి మైకు అందుకున్నాడు.

"నీళ్ల విషయంలో ఆవిడ ఏమీ చెయ్యలేదు. అది చూసి నాకు వెయ్యండి. ఆవిడ ఆడమనిషని నాకు వేస్తే ఆ ఓటు నాకొద్దు."

మర్నాటి నుంచి అతని వెంట ప్రచారానికి పార్టీవాళ్లెవరూ రాలేదు.

లెక్కింపులో ఆమె గెలిచింది, మాస్టారు ఓడిపోయాడు. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"మన వీధిలో కూడా పడలేదమ్మా."

"ఎలా పడతాయి? నేనే ఆ అమ్మాయికి వేశాను," అంది వాళ్లమ్మ.

"నేను నీ కొడుకుని."

"కొడుకువి కాబట్టి అన్నం పెడుతున్నా. మన సందులో లైటు నువ్వు వేయించావా?"

అంతలో గుమ్మంలో కౌన్సిలర్ కనిపించింది. ప్రచారంలో గొంతు పోయి, మాట గుసగుసలా వస్తోంది.

"మీ ఓటు ఎవరికి వేశారు?"

మాస్టారు ఆలోచించాడు. అబద్ధం చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

"నాకే," అని నిజమే చెప్పాడు.

వాళ్లమ్మ తల పట్టుకుంది. కౌన్సిలర్ హాయిగా నవ్వింది.

"మంచిది. నాకు వేసుంటే ఇటునుంచిటే వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడా వేరే విషయం మాట్లాడుకుందామా?"

"ఓడిపోయినవాణ్ని."

"పోటీ చేసినవారు. నాకూ మీరంటే ఇష్టమే."

గుసగుసే అయినా గదంతా వినిపించింది.

"నా ఓటెవరికీ అక్కర్లేదా ఇందులో?" అంది వాళ్లమ్మ.

"మీరు నాకే వేశారుగా, అత్తయ్యా."

ఆ పిలుపు అర్థం కావడానికి మాస్టారికి కాస్త టైం పట్టింది. వాళ్లమ్మ అప్పటికే టీ పెట్టడానికి లోపలికెళ్లిపోయింది.