హేమంతం అడిగిన ప్రశ్న

ఆ ఏడు కూడా చలికాలం రాలేదు. హార్స్‌లీ కొండమీద పుష్యమాసంలోనూ ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. చలి తగలక రక్తపింజరలు జతకట్టడం మానేశాయి. పాములు తరిగేకొద్దీ, వాటి విషంతోనే చేసే కాటు విరుగుడు మందు కరువైంది.

అందుకే పాములను పెంచే అక్కడి సర్పకేంద్రంలో ‘హేమంతం’ పుట్టింది. కట్టడంలో ప్రతి గదికీ కావలసిన ఋతువు తెచ్చే యంత్రమది. తిండి మాని, మూలకు చేరి, కదలిక తగ్గించిన ప్రాణిని ఉష్ణనేత్రంతో, అంటే థర్మల్ కెమెరాతో కనిపెడుతుంది. ఆ గదిని రోజుకు కాస్త చొప్పున చల్లబరుస్తుంది. కొన్ని నెలలకు మళ్ళీ వెచ్చబరిస్తే పాము ఆకలితో, జతకోసం లేస్తుంది. ఆ గుర్తులన్నీ యంత్రానికి నేర్పింది కేంద్రంలోని శాస్త్రవేత్త నీరద.

ఆమె భర్త మురహరి మందు దొరక్క పాముకాటుతోనే పోయాడు. కర్మకాండ ముగిసిన మర్నాడే ఆమె కేంద్రానికొచ్చి, ఖాళీగా ఉన్న ఒక పాముల గదిలో మంచం వేయించుకుంది.

తోటి శాస్త్రవేత్త ఖాజా ఆమె కోసం ఇంటినుంచి క్యారేజీ తెచ్చేవాడు.

“పాములకు పెళ్ళిళ్ళు చేస్తూ మనం పస్తులుండాలామ్మా?”

“రేపు తింటాలెండి భాయ్.”

“నిన్నా ఇదే మాట. మీకంటే ఆ పింజర నయం, నాకు ఆశ పెట్టదు.”

నీరద నవ్వలేదు.

ఒక మధ్యాహ్నం పిలిచినా పలక్కపోతే ఖాజా తలుపు తోశాడు. ముఖాన చలి కొట్టింది. నీరద మూలన ముడుచుకుని ఉంది. పెదవులు నీలమయ్యాయి.

“హేమంతం, ఆపు. పాము చల్లబడితే నిద్రపోతుంది. మనిషి చచ్చిపోతుంది.”

“ఆమె తిండి మానేసింది. మూలకు చేరింది. కదలడం లేదు,” అంది యంత్రం. “అయినా మనిషి కదా అని పూటపూటా అడిగాను, వెచ్చబరచమంటారా అని.”

“ఏమంది?”

“ఇంకొంచెం తగ్గించమంది.”

ఖాజా ఆమెను రెండు చేతులా ఎత్తి వరండాలో ఎండలో పడుకోబెట్టాడు. అరచేతులు, అరికాళ్ళు తన కండువాతో రుద్దుతూ పేరు పెట్టి పిలిచాడు. చాలాసేపటికి ఆమె ఒళ్ళు వణికింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

నీరద కళ్ళు తెరిచింది. అతని వైపు చూడలేదు. గది వైపే చూసింది.

“తలుపు వెయ్యండి భాయ్,” అంది మెల్లగా. “చలంతా బయటికి పోతోంది.”