పెద్దావిడ స్వెటరు

జంతు సంరక్షణ బండి నడిపే డ్రైవరు ఇప్పటికీ ముఖం చిట్లించుకుంటూ చెప్పే సంగతి ఇది.

ఆ సందు చివరింటి ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. ఇంటి పెద్దావిడ పోయి నెల తిరగలేదు, అప్పుడే ఇంటికి చెడ్డపేరు వచ్చేసింది. పెద్దావిడ దెయ్యమై, తాళం వేసిన తలుపును లోపలి నుంచి గోళ్ళతో గీకుతోందట... రాత్రంతా సన్నగా ఏడుస్తోందట... ఎదురింటాయన చెవుల్లో దూది పెట్టుకుని నిద్రపోయేవాడు. చివరికి కంపు మొదలయ్యాకే ఫోను చేశాడు. దూది ముక్కుకు పనికిరాదు మరి.

"ఆవిడకి కుక్క ఉండేదా?" అని అడిగింది బండిలో వచ్చిన జంతు సంరక్షణ అధికారిణి.

"ఉండేదండీ. చెల్లెలి కొడుకు తీసుకెళ్ళాడు. ఇల్లు కూడా బేరం పెట్టాడు."

ఆ చెల్లెలి కొడుక్కి ఫోను చేస్తే, "తెలిసినవాళ్ళ తోటలో హాయిగా తిరుగుతోందండీ" అన్నాడు. తాళంచెవి మాత్రం కనబడడం లేదట.

ఆమె పోలీసులకు ఒక మాట చెప్పి, డ్రైవరును సందు మొదట్లో ఉంచి, వంటింటి కిటికీలోంచి దిగింది. కుళ్ళిన కళేబరాలు ఎన్ని ఎత్తిన మనిషో, అయినా చేత్తో ముక్కు మూసుకుంది. అడుగు వేస్తే మలం. ముసిరే ఈగలు. నమిలేసిన చెప్పులు, సగం కొరికిన సబ్బు... స్నానాలగదిలో కారుతున్న కుళాయి. ఆ నీళ్ళే దాన్ని బతికించాయి.

మంచం కింద రెండు కళ్ళు—

అది కుక్కలా లేదు, తోలు కప్పిన ఎముకల్లా ఉంది. గుర్రుమంది. ఈ పూట దాటితే బతకదని చూడగానే తెలిసింది ఆమెకు.

"ఛీ... వీళ్ళూ మనుషులేనా!"

బెదిరిన కుక్క కొత్త మనిషి చేతికి రాదు. పెంచినవాళ్ళ వాసనకు వస్తుంది. మేకుకు పెద్దావిడ స్వెటరు, శాలువా వేలాడుతున్నాయి. చెమట, నొప్పుల మందు, బూజు కలిసిన వాసన. ఊపిరి బిగబట్టి స్వెటరు తొడుక్కుంది, శాలువా తలకు కప్పుకుంది. బూట్ల చప్పుడుకు బెదురుతుందని అవి విప్పేసి, పెద్దావిడ కుర్చీలో కూర్చుని కాళ్ళు పీట మీద పెట్టుకుంది. టార్చి ఆర్పేసింది.

చాలాసేపటికి... గోళ్ళ చప్పుడు. తడి ముక్కు ఒకటి ఆమె మడమను తాకింది. కుక్క నీరసంగా గడ్డం ఆనించి పడుకుంది.

అప్పుడే వీధి తలుపు తాళం తిరిగింది—

కనబడని తాళంచెవి దొరికినట్టుంది. ఎవరో లోపలికి వచ్చారు. ఒక చేతిలో గోనెసంచి, ఒక చేతిలో దుడ్డుకర్ర. కిటికీలోంచి పడే వీధిదీపం వెలుగులో కుర్చీ, స్వెటరు, శాలువా కనిపించాయి...

కర్ర జారి కింద పడింది.

"పె... పెద్దమ్మా..."

మనిషి కుప్పకూలి ఆమె రెండు పాదాలూ పట్టుకున్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నేనెవరో చెప్పేద్దామనుకుంది ఆమె. కానీ నోట్లోంచి గుసగుసగా వేరే మాట వచ్చింది.

"కుక్కకి అన్నం పెట్టావా?"

"పెట్టాను పెద్దమ్మా... రోజూ నా చేత్తోనే పెడుతున్నా... నీ మీద ఒట్టు!"

ఆమె పాదాలు వెనక్కి లాక్కుంది. దెయ్యానికి కూడా అబద్ధం చెబుతున్నాడు! టార్చి వెలిగించి వాడి ముఖం మీదికి తిప్పింది. వాడు కేకపెట్టి గుమ్మంలోకి పరిగెత్తాడు. వాణ్ణి చూసి వెనకే వచ్చిన డ్రైవరు అక్కడ అడ్డంగా నిలబడి ఉన్నాడు.

పోలీసులు వాణ్ణి తీసుకెళ్ళాక, కుక్కను దుప్పట్లో చుట్టి బండిలో పడుకోబెట్టారు. గ్లూకోజు నీళ్ళు నాలిక్కి తగలగానే అది తోక కొంచెం కదిపింది.

అధికారిణి ఎదురింటి కుళాయి దగ్గర కూర్చుని పాదాలకు సబ్బు రుద్దుకుంటోంది. స్వెటరు ఇంకా విప్పలేదు. మోచేతుల దాకా కుక్క మలం.

"మేడం, ముందు చేతులు కడుక్కోండి," అన్నాడు డ్రైవరు.

"చేతులకేం అన్నా, కుక్క మురికేగా," అని ఆమె మళ్ళీ సబ్బు అందుకుని, వాడు పట్టుకున్న చోట ఎర్రగా కందేదాకా రుద్దుకుంది.