ఇంజను పక్కన మనిషి

శేషగిరిరావుకి రైళ్ల పిచ్చి అని నరసరావుపేటలో ఆయన్ను ఎరిగినవాళ్లందరికీ తెలుసు. ఆయన ముందు మాత్రం ఆ మాట అనకూడదు, ‘అభిరుచి’ అనాలి. ఆదివారం పొద్దున్నే ఎవరైనా కూరగాయలకు పోతారు. ఈ మహానుభావుడు మాత్రం ముందుగదిలో స్టూలెక్కి గోడకు మేకు కొడుతున్నాడు.

“ఏమండీ, పెసరట్టు చల్లారిపోతోంది. ఆ గోడ ఎక్కడికీ పారిపోదు,” వంటింట్లోంచి భార్య హైమావతి కేకేసింది.

“ఒక్క నిమిషం! మౌలాలీ వచ్చేలోపు తగిలించాలి.”

మౌలాలీ కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్కు. పన్నెండేళ్ల కింద ఇద్దరూ మాచర్ల పాసింజర్లో ఎదురెదురుగా కూర్చుని, మీటరుగేజి రోజుల కబుర్లలో పడి, దిగాల్సిన స్టేషను దాటిపోయారు. అలా మొదలైంది స్నేహం. మౌలాలీ రేకుముక్కలతో ఇంజను బొమ్మలు చేస్తాడు. శేషగిరి పాత రైళ్ల ఫోటోలు ఎక్కడెక్కడివో సంపాదించి కంప్యూటర్లో దాస్తాడు. ఆదివారమొస్తే వాళ్లిద్దరికీ టీలు అందించలేక హైమావతికి విసుగొచ్చేది.

ఇవాళ గోడకెక్కుతున్న ఫోటో మాత్రం ఎక్కడిదో కాదు, శేషగిరి తల్లి పార్వతమ్మ ట్రంకుపెట్టెలోది. గురజాల స్టేషన్లో ఆగి ఉన్న బొగ్గింజను. “చెమ్మ పట్టేట్టుంది, అద్దం కట్టించరా,” అని వారం కింద ఆవిడే తీసిచ్చింది.

పార్వతమ్మ తల తుడుచుకుంటూ వచ్చి, కళ్లజోడు పెట్టుకుని ఫోటో వైపు చూసింది. దగ్గరకెళ్లి మళ్లీ చూసింది.

“మా నాయనేడిరా?”

“ఏందమ్మా?”

“ఇంజను పక్కన మా నాయన నిలబడుంటాడు గదా. ఏడీ?”

శేషగిరి చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది. ఫోటోకి ఎడమ అంచున ఎవరో తలపాగా మనిషి ఉన్నమాట నిజమే. ఆయన వల్ల ఇంజను మధ్యలోకి రాలేదు. చట్రంలో ఇంజను నడిమధ్యన ఉండాలని, స్కేలు పెట్టి, బ్లేడుతో ఆ అంచు కోసి పారేశాడు. ఎంతో పొందిగ్గా వచ్చిందని మురిసిపోయాడు కూడా.

“నేను... ఎవరో స్టేషను మనిషి అనుకున్నానమ్మా.”

“చిన్నప్పుడు నీకు ఎన్నిసార్లు చూపించాన్రా!”

“చూశానమ్మా. కానీ నేను ఇంజన్నే చూశాను.”

హైమావతి గరిటె పట్టుకునే బయటికొచ్చింది. “కోసిన ముక్క ఏదండీ?”

“చెత్తబుట్టలో...”

“గురువారమే బండి వచ్చి ఎత్తుకుపోయింది. అయ్యో ఖర్మ! కోసేముందు ఫోన్లోనైనా తీసుకోలేదా?”

“తీశాను, తీశాను!” ఆయన మొహం వెలిగింది. గబగబా ఫోను తెరిచాడు. పన్నెండు ఫోటోలున్నాయి. నంబరు పలక, పొగగొట్టం, చక్రాలు. ఒకదాంట్లో మాత్రం అంచున కొంచెం పంచె కనిపించింది. అంతే.

పార్వతమ్మ ఆ పంచె ముక్కను చాలాసేపు చూసి ఫోను తిరిగిచ్చేసింది.

“మీ తాత పేరేందిరా?”

“చెన్న... చెన్నయ్య కదమ్మా?”

“చెన్నకేశవులు. ఆ ఇంజను నంబరెంత?”

నంబరు ఆయన నోటి చివరే ఉంది. కానీ తలొంచుకున్నాడు.

“లోకంలో మా నాయన ఫోటో అదొక్కటేరా. పోయినప్పుడు కూడా ఎవురూ తీయలా. ఆయన మొహం ఎక్కడ మర్చిపోతానోనని నెలకోసారి పెట్టె తెరిచి చూసుకునేదాన్ని. నీకు చక్రాల కింద మట్టి కూడా పనికొచ్చింది, మనిషి పనికిరాలా.”

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. లోపలికెళ్లి సంచిలో రెండు చీరలు కుక్కుకుని వచ్చింది. పదకొండింటి బస్సుకు శావల్యాపురం పోతానంది, కూతురి దగ్గరికి.

“అత్తయ్యా, ఆయన బుద్ధి తక్కువ పనికి నన్నెందుకు వదిలిపోతారు?” హైమావతికి కళ్లనీళ్లు తిరిగాయి.

“నీ మీద కోపం లేదమ్మా. ఈ గోడను చూస్తా ఈ ఇంట్లో కూర్చోలేను.”

సరిగ్గా అప్పుడే మౌలాలీ చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. సంగతంతా విని తల పట్టుకున్నాడు.

“అన్నా, నీకు చెయ్యెట్లా ఆడింది?” అని గట్టిగా మొదలుపెట్టినవాడు కాస్త తగ్గాడు. “నిన్నని ఏం లాభంలే. నాకు చూపిచ్చినా నేనూ ఆడనే కొయ్యమనేవాణ్ణి. మనిద్దరివీ అవే కళ్లు.” పార్వతమ్మ ముందు కింద కూర్చున్నాడు. “పెద్దమ్మా, మీ నాయన స్టేషన్లో ఏం పని చేసేవాడు?”

“ఇంజన్లకు నీళ్లు పట్టేవాడు. ముప్పై ఏళ్లు అదే పని.”

శేషగిరి తలెత్తాడు. మౌలాలీ ఆయన వైపు చూశాడు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. గురజాలలో నీళ్లు పట్టుకుంటున్న ఇంజన్ల ఫోటోలు వాళ్ల దగ్గర నలభైదాకా ఉన్నాయి.

“అమ్మా, బస్సుకింకా గంటుంది. నా మీద కోపం అట్లాగే ఉంచుకో. ఒక్కసారి కూర్చో,” అని బతిమాలాడు.

సంచి ఒళ్లోంచి దించకుండానే కూర్చుంది పార్వతమ్మ. ఫోటోలన్నీ టీవీలో ఒక్కొక్కటే వేశారు. జీవితంలో మొదటిసారి శేషగిరి ఇంజన్ని పక్కకు నెట్టి మూలల్ని పెద్దవి చేస్తున్నాడు. గేటు దగ్గరొకడు, బెంచీ మీదొకడు, బొగ్గు కుప్ప వెనకాల ఇద్దరు. ఇన్నేళ్లుగా వీళ్లంతా అక్కడే ఉన్నారా అని ఆయనకు గుండె చెరువైంది.

“ఈయన పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ కోటయ్య. మా పక్కిల్లే,” అంది పార్వతమ్మ తనకు తెలియకుండానే. “పాపం, చానా మంచోడు.”

ముప్పై అయిపోయాయి. ఆవిడ గడియారం చూసుకుంది. ఇంకో మూడు నడిచాయి. ఆ తర్వాతి ఫోటోలో ఇంజను వెనక నీళ్లతొట్టి మీదెక్కి, అటు తిరిగి, లావుపాటి గొట్టం పట్టుకున్న మనిషి కనిపించాడు.

పార్వతమ్మ లేచి నిలబడింది. సంచి కింద పడింది.

“నాయనా!”

“మొహం కనపడట్లేదు కదమ్మా. నిజంగా ఆయనేనా?”

“మొహమెందుకురా? ఎడమ కాలు ఎత్తు మీద పెట్టి, నడుం మీద చెయ్యేసి... తలపాగా కొస అట్లా చెవి మీదకి వదిలేవాడు. ఊడిపోతదని మా అమ్మ రోజూ తిట్టేది.” ఆవిడ టీవీ దగ్గరకెళ్లి ఆ వీపు మీద చెయ్యి పెట్టింది. “చొక్కా తడిసిపోయింది చూడు. ఇంటికొచ్చేసరికి ఎప్పుడూ అట్లాగే తడిసి ఉండేవాడు.”

శేషగిరి తెర కింది అక్షరాలు చూశాడు. ఆరేళ్ల కింద తను పెట్టుకున్న వివరం అది. ‘గురజాల. ఫోటో బాగుంది. మనిషి అడ్డం వచ్చాడు.’

ఆయనకు దుఃఖం ఆగలేదు. చిన్నపిల్లాడిలా తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. “నేను పాపిష్టోణ్ణమ్మా.”

“ఏడవమాక. లే.” కొడుకు తల నిమిరింది. “మొహం పోయిందిరా, అది రాదు. నీ మీద కోపం కూడా ఇప్పుడప్పుడే పోదు. కానీ మా నాయన్ని పనిలో ఉండగా చూపించావు.”

శేషగిరి కళ్లు తుడుచుకుని, కింది అక్షరాలు చెరిపేసి కొత్తగా రాశాడు. ‘మా తాత చెన్నకేశవులు. గురజాల. పక్కన ఉన్నది ఇంజను.’

పార్వతమ్మ కూడబలుక్కుంటూ చదివింది. కొంగుతో కళ్లొత్తుకుని మళ్లీ కుర్చీలో కూర్చుంది.

“ఇందాకటి ఫోటో వెయ్యి, కోటయ్యది. ఆయన పిల్లలు మాచర్లలోనే ఉన్నారు. వాళ్ల దగ్గర ఆయన ఫోటో ఉందో లేదో. వాళ్ల నాయన్ని వాళ్లకి పంపించరా.”