చక్కెర పేరు

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫోన్లు కాసేపు బోర్లించి పెట్టండి, ఎక్కడికీ పారిపోవు. నువ్వు చంటిదాన్ని ఒళ్లో వేసుకునే కూర్చోవే తల్లీ, మధ్యలో ఏడిస్తే ఏడవనీ. ఇది మన జహీరాబాదులోనే జరిగిన ముచ్చట. మెల్లగా చెబుతాను, శ్రద్ధగా వినండి.

హోలీ దగ్గరపడితే మన బజారు నిండా పేర్లు వేలాడుతుంటాయి కదా. మనుషుల పేర్లు కాదు, చక్కెర పేర్లు. చక్కెర పాకం అచ్చుల్లో పోస్తే దారం మీద బిళ్లలు బిళ్లలుగా గట్టిపడుతుంది. ఆ దండనే మనం పేరు అంటాం. పిల్లలు మెడలో వేసుకుని తిరుగుతూనే కొరుక్కు తింటారు, సాయంత్రానికి ఉత్త దారం మిగులుతుంది. అయితే పుట్టిన బిడ్డకు మొదటి హోలీ వస్తే మాత్రం పేరు తల్లిగారింటి నుంచి రావాలి. తాతో, అమ్మమ్మో, మేనమామో ఎవరో ఒకరు ఎండు కొబ్బరి చిప్ప, అదే కుడుక, కట్టిన పెద్ద పేరు తెచ్చి బిడ్డ మెడలో వేయాలి. అది రాకపోతే ఎవరూ పైకి ఏమీ అనరు. అనకపోవడమే బాధ.

సంగమ్మ ఇంట్లో ఆ ఏడు మొదటి హోలీ బిడ్డ ఉన్నాడు. సంగమ్మకు ఒక్కడే కొడుకు చందర్. చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డు మీద అతనికి టైర్ల దుకాణం ఉంది. కోడలు అక్షత హైదరాబాదులో డిజైన్ చదివి, కంపెనీలో ఉద్యోగం చేసి, పెళ్లయిన కొన్నాళ్లకు అది మానేసింది. మానేసి ఏం చేసిందనుకున్నారు? చక్కెర పేర్లు చేయడం మొదలుపెట్టింది. జొన్నకంకి, కందికాయ, పిచ్చుక బొమ్మలు తానే గీసి, వడ్లాయనతో టేకు చెక్కలో అచ్చులు చెక్కించింది. బీట్‌రూట్ రసంతో ఒకటి గులాబీ రంగు, పాలకూర రసంతో ఒకటి పచ్చరంగు. దండను అట్టపెట్టెలో పడుకోబెట్టి, కుడుక మీద చిన్న చీటీ కట్టి, దాని మీద ఏ బిడ్డకు పోతుందో ఆ బిడ్డ పేరు అందంగా రాసేది. ఫోనులో బొమ్మలు చూసి హైదరాబాదు నుంచీ పూణే నుంచీ అడిగేవారు.

హోలీకి ముందు ఒక పొద్దున అక్షత పొయ్యి దగ్గర పాకం కలుపుతోంది. సంగమ్మ మనవడికి నూనె రాస్తోంది. చందర్ దుకాణానికి పోబోతూ చాయ్ తాగుతున్నాడు. ఫోను మోగింది. అక్షత చేతులనిండా చక్కెర.

"జర పట్టుకో, స్పీకర్ల పెట్టు," అంది మొగుడితో.

అవతల ఆటో చప్పుడు. "అమ్మా, చక్కెర పేర్లు జేసేది మీరేనా? నేను న్యాల్‌కల్ నర్సింగ్‌ను, ఆటో నడుపుత. ఒక పేరు కావాలె."

"ఏ పేరన్నా? జొన్నకంకిదా, పిచ్చుకదా?"

"పెద్ద పేరు. కుడుక కట్టింది. పిల్లగానికి మొదటి హోలీ."

"మంచిదన్నా. పేరు చెప్పు."

"అదే గదమ్మా చెప్పిన. పెద్ద పేరు."

"అది కాదన్నా, పేరుకు పేరు రాసి కడత."

"పేరుకు పేరేందమ్మా? తిననీకే గదా!"

చందర్ చాయ్ పొరపోయి నవ్వాడు. "పేర్లకు పేర్లు పెట్టే ఫ్యాక్టరీరా మాది," అని గొణిగాడు. సంగమ్మ కూడా నవ్వింది.

"పిల్లగాని పేరన్నా! ఏం పేరు పెట్టిన్రో అది."

"అట్ల చెప్పు మరి. ఆగు, అడుగుత. ఓ పెద్దాయనా, పిల్లగాని పేరేందని అడుగుతున్నరు."

ఆటో ఇంజను మాత్రం గడగడలాడుతోంది. నర్సింగ్ నవ్వుతున్నాడు. "ఏంది పెద్దాయనా, మనుమని పేరు గుడ తెల్వదా?"

ఇంకాసేపటికి ఎవరో గొంతు సవరించుకున్నారు. "పేరు వద్దని చెప్పు. ఉత్తగనే ఇయ్యమను."

అక్షత చేతిలో గంటె ఆగిపోయింది. ఆ గొంతు ఆమె పుట్టినప్పటి నుంచీ విన్న గొంతు. న్యాల్‌కల్ గురులింగప్పది. ఆమె తండ్రిది.

"రేపొచ్చి తీసుకపోతం," అని నర్సింగ్ పెట్టేశాడు. పాకం ముదిరి అడుగంటింది.

ఇప్పుడు వెనక్కి పోవాలి, లేకపోతే మీకు అర్థం కాదు. అంతకుముందు ఏడు శివరాత్రికి ఝరాసంగం జాతరలో అక్షత మొదటిసారి దుకాణం పెట్టింది. నేల మీద దుప్పటి పరిచి, పెట్టెలు పేర్చి కూర్చుంది. పక్కన సంగమ్మ. అప్పటికి అక్షత నెల తప్పి ఉంది. తండ్రిని ఆమె అప్ప అనే పిలుస్తుంది. అప్ప జాతరకు వస్తాడు, ఈ సంగతి నోటితో చెప్పాలి అని ఎదురుచూస్తోంది. ఆమెకు తల్లి లేదు, చదువుకునే రోజుల్లోనే పోయింది. ఉన్నది అప్ప ఒక్కడే.

గురులింగప్ప వచ్చాడు, ఊరి పెద్దమనుషులతో. అక్షత నవ్వుతూ లేచి నిలబడింది. ఇంతలో ఒకాయన, "గురులింగప్పా, ఆ చక్కెర అమ్మే పిల్ల మీ బిడ్డ లెక్క ఉందేంది?" అన్నాడు.

"కాదు. ఎవరో నాకు తెల్వదు," అన్నాడాయన. అని ముందుకు నడిచిపోయాడు.

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. ఆ తర్వాత పిలిచినా శ్రీమంతానికి రాలేదు. కానుపు అత్తగారింట్లోనే అయింది, చేసిందంతా సంగమ్మే. బిడ్డను తొట్టెలలో వేసి పేరు పెట్టిన నాడు కబురు పంపితే దానికీ రాలేదు. అందుకే ఆయనకు మనవడి పేరు తెలియదు.

"నేను చెయ్య," అంది అక్షత గంటె కడుగుతూ.

"చెయ్యకుంటె ఎట్లనే? మనిషి దిగొచ్చిండు గదా," అంది సంగమ్మ.

"దిగొచ్చిండా? ఆటోఆయనను అడ్డం పెట్టుకొని వచ్చిండు. నేను జేసిన పేరు, నా దగ్గర్నే కొని, నా కొడుకు మెడల ఏస్తడా? అది తల్లిగారి పేరెట్లయితది అత్తమ్మా?"

"అందరు కొనే ఏస్తరు బిడ్డా. ఇంట్ల ఎవరు పోస్తరు?"

"బజార్ల దొరకలేదా? నా దగ్గరికే రావాల్నా? రానీ. అప్ప లెక్క రానీ. అప్పుడు ఎవరో తెల్వదన్నడు, ఇప్పుడు ఎవరో కొననీకొచ్చిన గిరాకీ లెక్క వస్తున్నడు."

చందర్ నెమ్మదిగా, "నువ్వు ఫికర్ చెయ్యకు. మన పిల్లగానికి నేను తెస్త పేరు," అన్నాడు.

"నువ్వు తెస్తే నీ ఇంటి పేరయితది. నా ఇంటిది కాదు," అంది అక్షత. అప్పుడు ఏడ్చింది. బిడ్డ కూడా తల్లి మొహం చూసి ఏడ్చాడు. సంగమ్మ ఇద్దరినీ దగ్గరికి తీసుకుంది.

మర్నాడు పొద్దున గల్లీ చివర ఆటో ఆగింది. గురులింగప్ప ఒక్కడే నడిచి వచ్చాడు. తెల్ల ధోవతి, నుదుట విభూతి, చేతిలో ఖాళీ సంచి. గడప అవతలే నిలబడి, చందర్‌ను చూసి, "పేరు తయారైందా?" అన్నాడు, కిరాణా కొట్టు ముందు నిలబడ్డట్టు.

అక్షత లోపలి నుంచి వచ్చింది. "ఎవరి కోసమండి?"

ఆ "అండి" ఆయనకు ఎక్కడ తగిలిందో ఆయనకే తెలియాలి. "పిల్లగానికి."

"ఏ పిల్లగానికి?"

"నీ కొడుక్కు."

"నా కొడుకు మీకేమైతడండి?"

ఆయన తల వంచుకున్నాడు. అక్షత వదల్లేదు. "జాతరల అడిగిన్రు, మీ బిడ్డనా అని. కాదన్నరు. నేను నిలబడే ఉన్న. ఇట్ల కడుపుతోని ఉన్నా అని మీకు చెప్దామని నిలబడ్డ. బిడ్డే కానప్పుడు మనుమడెట్లయితడు?"

"అక్షతా," అన్నాడు చందర్.

"చెప్పనీ," అన్నాడు గురులింగప్ప. "అన్న. నిజమే. మా బిడ్డ పెద్ద ఉద్యోగం చేస్తదని వీళ్లకు చెప్పి ఇచ్చిన. నువ్వు నేల మీద దుప్పటేసుకొని కూసుంటే, వియ్యాలోళ్లు నన్ను అబద్ధాలోడు అనుకుంటరు, ఉద్యోగం లేని పిల్లను అంటగట్టిండు అంటరు అనిపించింది. నోట్లకెళ్లి వచ్చేసింది. వచ్చినంక మింగనీకి రాలే."

సంగమ్మ బిడ్డను ఎత్తుకుని ముందుకొచ్చింది. "ఓ అన్నా! మేం ఎప్పుడనుకున్నం? ఆ దుప్పటి మీద నీ బిడ్డ పక్కన కూసొని పేర్లమ్మింది నేనే గదా! నన్ను చూడకనే పోతివి. మమ్ముల అడగకనే మా బదులు నువ్వే అనుకుంటివి, నువ్వే కోపానికొస్తివి. బాగుంది నీ లెక్క!"

ఆయన నవ్వలేక, ఏడవలేక నిలబడ్డాడు.

"బజార్ల పేర్లు లేవా?" అంది అక్షత. ఆమె గొంతు కొంచెం తగ్గింది.

"మొన్న కొన్న. పట్టుకొని ఈ గల్లీ దాంక వచ్చిన. ఏమని తలుపు కొట్టాలె? కాళ్లు రాలే. బస్టాండుల ఎవరో చిన్నపిల్లకిచ్చి పోయిన." ఆయన సంచిని చేతిలో నలుపుతున్నాడు. "గిరాకీ అయితే తలుపు తెరుస్తవు గదా అని..."

చందర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అక్షత ఆ ఖాళీ సంచి వైపు చూసింది. తర్వాత, "నేను జేసింది మీకు అమ్మను," అంది. సంగమ్మ నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది. "లోపలికి రాండ్రి. చేతులు కడుక్కోండ్రి. పాకం పొయ్యి మీదుంది. నా కొడుకు పేరు మీరే పొయ్యాలె."

"నేనా? నాకేమొస్తది?"

"రాకపోతే నేర్చుకోండ్రి."

గురులింగప్ప గడప దాటాడు. జొన్నలు, కందులు పండించే చేతులు అవి. పొయ్యి దగ్గర కూర్చోబెడితే గిన్నె ఎట్లా పట్టుకోవాలో తెలియలేదు. అక్షత నీళ్లలో నానిన అచ్చుల మధ్య దారం వేసి, రెండు చెక్కలూ కలిపి కట్టి, ఆయన ముందు పెట్టింది. మొదటిసారి వేలు కాల్చుకున్నాడు. రెండోసారి ఆత్రంగా అచ్చు విప్పితే కందికాయలన్నీ విరిగి పళ్లెంలో పడ్డాయి.

"ఇంక బాగనే ఉంది. విరిగినయి నాకియ్యిన్రి," అని సంగమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"ఇంత కష్టమా?" అన్నాడాయన నుదుటి చెమట తుడుచుకుంటూ. విభూతి చెదిరిపోయింది. "పొద్దంత ఇదే చేస్తవా?"

అక్షత జొన్నకంకి అచ్చు అందుకుంది. మూడోసారి అది కట్టి ఇచ్చింది. ఆయన పోయడం మొదలుపెట్టాడు. సగం పోసి, ఏదో చెప్పాలని కూతురి వైపు తిరిగి, చెయ్యి ఆపాడు.

"ఆపకప్పా! పొయ్యి! గడ్డకడతది, పొయ్యి నువ్వు!"

ఏడాది తర్వాత వచ్చిన పిలుపు. అప్పా అని. నువ్వు అని. ఇద్దరికీ వినిపించింది. కానీ పాకం ఎవరి కోసమూ ఆగదు కదా. ఏడవడానికి కూడా తీరిక లేదు. ఆయన కళ్లు మసకబారుతుంటే, చేతి మీద చెయ్యి వేసి అక్షతే గిన్నె వంచింది. అచ్చు నిండేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి పోశారు. నిండాక, గిన్నె కింద పెట్టాక, అప్పుడు ఆయన ధోవతి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అక్షత ఆయన భుజం మీద తల పెట్టింది.

"కాలింది చూపియ్యి," అంది కాసేపటికి.

"కాలలే బిడ్డా."

"చూపియ్యి అంటున్న."

అచ్చు విప్పితే దండ వచ్చింది. వంకరదే. ఒక కంకి సన్నం, ఒక కంకి లావు. ఇంకెవరికైనా అయితే అక్షత అట్లాంటిది పెట్టెలో పెట్టేది కాదు. దానికి కుడుక కట్టి, చీటీ, కుంచె తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

గురులింగప్ప కుంచె పట్టుకుని, చీటీ వైపు చూస్తూ, చిన్న గొంతుతో అడిగాడు. "పేరేంది బిడ్డా?"

"నవదీప్."

"నవదీప్," అన్నాడు. సంగమ్మ ఒళ్లో ఉన్న బిడ్డ వైపు తిరిగి మళ్లీ, "నవదీప్," అన్నాడు, వాడు పలుకుతాడేమో అన్నట్టు. తర్వాత మెల్లమెల్లగా రాశాడు.

సంగమ్మ తొంగిచూసింది. "ఇదేం రాతన్నా?"

"కన్నడం చెల్లెమ్మా. మాది బీదర్ దిక్కు బడి. నాకు తెలుగు రాయ రాదు."

"ఉండనీ అత్తమ్మా," అంది అక్షత. "అది మా ఇంటి రాత."

గురులింగప్ప పేరు తీసుకుని లేచాడు. బిడ్డ మెడలో వేశాడు. బిడ్డ రెండు చేతులతో ఒక వంకర కంకిని పట్టుకుని, నోటికి తీసుకుపోయి, చప్పరించి, తాత మొహంలోకి చూశాడు.

అదమ్మా కథ. ఇది గుర్తుపెట్టుకోండి. మీ పిల్లలకు చెప్పండి, వాళ్లను వాళ్ల పిల్లలకు చెప్పమనండి. నేను చెప్పినట్టే చెప్పాలని లేదు, మీ మాటల్లో మీరు చెప్పుకోండి. ఒక్కటి మాత్రం నా కోసం చేయండి. ఆ ముసలాయన మనవడి పేరు అడిగిన చోట తొందరపడకండి. అక్కడ కాస్త ఆగి చెప్పండి.