మెడలో తాళంచెవి

బాలేష్‌ను మిక్సర్‌లోంచి బయటికి తీసేసరికి పదకొండు కావొచ్చింది.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో ఉన్న కోళ్ల దాణా ఫ్యాక్టరీ అది. మిక్సర్ అంటే ఇనుప తొట్టి. లోపల బ్లేడ్లు తిరుగుతాయి. మందు కలిపిన దాణా అయ్యాక మామూలు దాణా కలపాలంటే ఒక మనిషి తొట్టిలోకి దిగి గోడలు గీకాలి. ఆ ఉదయం దిగింది ఆపరేటర్ బాలేష్. అతను లోపల ఉండగానే మిక్సర్ తిరిగింది.

ఇన్‌స్పెక్టర్ కుర్మయ్య శవం పక్కన గొంతుక్కూర్చున్నాడు. మెడలో ఎర్ర తాడు ఉంది. తాడుకు ఒక తాళంచెవి.

"ఇదేంది?"

ప్లాంట్ మేనేజర్ మహేందర్ జవాబిచ్చాడు.

"సేఫ్టీ కీ సార్. లోపలికి దిగే ముందు కింద మెయిన్ స్విచ్ ఆఫ్ చేయాలి. హ్యాండిల్‌కు ఎవరి తాళం వాళ్లు వేసుకోవాలి. చెవి మెడలో వేసుకొని దిగాలి. అప్పుడు ఇంకెవరూ స్విచ్ ఆన్ చేయలేరు. పోయిన నెలే ట్రైనింగ్ ఇప్పించాం."

"మరి తాళమేది?"

"వేయలేదు సార్. కింద బోర్డుకే ఉంది."

కుర్మయ్య మెట్లు దిగాడు. మిక్సర్ పైఅంతస్తులో ఉంది. స్విచ్ ప్యానెల్ కింద ఉంది. ప్యానెల్ దగ్గర నిలబడితే తొట్టి కనిపించదు.

ప్యానెల్ పక్కన చెక్క బోర్డు. కొక్కేల కింద పేర్లు. ఒక్కో కొక్కేనికి ఒక్కో ఎర్ర తాళం. తాళాలకే చెవులు ఉన్నాయి. చెవుల తాళ్లు కిందికి వేలాడుతున్నాయి. బాలేష్ పేరు మీద ఉన్న తాళానికి మాత్రం చెవి లేదు. అది పైన అతని మెడలో ఉంది.

"స్టార్ట్ నొక్కిందెవరు?"

"నేనే సార్." షిఫ్ట్ సూపర్‌వైజర్ పర్వతాలు ముందుకొచ్చాడు.

"ఎప్పుడు?"

"పది దాటి పది నిమిషాలైతది."

"హ్యాండిల్‌కు తాళం ఉండెనా?"

"ఉంటే హ్యాండిల్ ఎట్ల లేస్తది సార్."

"మీద మనిషి ఉన్నడేమోనని చూడలే?"

"ఒర్రి పిలిచిన. గ్రైండర్ మోతల ఏం ఇనబడది."

"గంత జల్దీ ఏమున్నది?"

"లారీ నిలబడ్డది సార్. డ్రైవర్ ఒకటే లొల్లి."

కుర్మయ్య బోర్డు వైపు మరోసారి చూశాడు.

మర్నాడు ఉదయం బాలేష్ తల్లి బాలనర్సమ్మ స్టేషన్‌కు వచ్చింది. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి ఒక్కతే వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సారూ, మావోడు తాళం ఎయ్యలేదని అంటున్రు. తప్పు వాందేనని రాస్తరంట."

"ఎవరన్నరమ్మా?"

"మేనేజర్ మనిషిని పంపిండు. తప్పు మీదే గాని మేం సూసుకుంటం, లొల్లి జేయకుర్రి అని చెప్పిపోయిండు."

"నువ్వేమంటవ్?"

"వాడు గట్ల దిగడు సారూ. ఇంట్ల బర్రె పాలు పిండాల్నన్నా కాళ్లకు బంధం ఏసి రెండు మాట్ల గుంజి సూస్తడు. పిరికోడని వాళ్ల నాయిన నవ్వేటోడు. నాకేం ఒద్దు. సచ్చినోని మీద తప్పు రాయకుర్రి."

"తెలిసింది రాస్తనమ్మా. తెల్వంది రాయను."

ఆమె అతని ముఖం చూసింది. ఆ మాట నమ్మాలో వద్దో తేల్చుకోలేక వెళ్లిపోయింది.

ఫ్యాక్టరీలో ట్రైనింగ్ సంగతులు చూసేది హెచ్‌ఆర్ వినోద. అల్వాల్ నుంచి రోజూ వస్తుంది. కుర్మయ్య వెళ్లేసరికి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. స్క్రీన్ ఆఫ్‌లో ఉంది.

"ట్రైనర్‌ను ఎట్ల పట్టుకున్నరు?"

"ఫ్రీలాన్సర్లను వెతికిన సార్. ఇద్దరు మిగిలిన్రు. యమున మేడమ్ ఒకరు, భానుతేజ సార్ ఒకరు."

"యమున ఎవరు?"

"ఇంతకుముందు ఫ్యాక్టరీలల్ల పనిచేసిన్రు. ముందుగాల మిషన్లు చూడాల్నన్నరు. వాడబోయే తాళాలు చూపించుమన్నరు. సూపర్‌వైజర్లు కూర్చోకుంటే క్లాసే చెప్పనన్నరు. నెల తర్వాత మళ్ల వచ్చి, నేర్పింది చేస్తున్నరో లేదో చూస్తనన్నరు."

"మరెందుకు వద్దన్నరు?"

"ఆమె ట్రైనింగ్ ఇయ్యనీకి వస్తదా, తనిఖీ చేయనీకి వస్తదా అన్నరు మహేందర్ సార్."

"భానుతేజ ఏమన్నడు?"

"ఒక్క పూటల అయిపోతదన్నరు. డెమో ఇచ్చిన్రు. అందరు మస్తు నవ్విన్రు. ఫీడ్‌బ్యాక్ మంచిగ వచ్చింది. నేను గూడ ఆయన్నే తీసుకుందామన్న."

"నవ్విన్రని?"

"అవును సార్. నవ్విన్రని."

ఆమె వెనక గోడకు ఆ రోజు ఫొటో ఉంది. బ్యానర్ కింద వర్కర్లు బొటనవేళ్లు ఎత్తి నిలబడ్డారు. మొదటి వరుసలో బాలేష్. చివర పర్వతాలు.

"పర్వతాలు క్లాసుల కూర్చున్నడా?"

"లోడింగ్ ఉండె సార్. ఫొటోకు వచ్చిండు."

"సర్టిఫికెట్?"

"అందరికి వచ్చింది."

గేటు బయట చాయ్ బండి దగ్గర గాలయ్య దొరికాడు. బాలేష్‌తో మిక్సర్ మీద చాలా కాలం పనిచేసిన మనిషి. ఇప్పుడు మూటలు మోస్తున్నాడు.

"తాళాలు రాకముందు ఎట్ల దిగేటోళ్లు?"

"వాడు దిగితే నేను కింద స్విచ్ కాడ నిలబడేటోన్ని సారూ. మీదికెళ్లి వాడు నడిమి నడిమి పిలుస్తుండె. నేను పలకాలె. పలకకుంటే బూతులే."

"నిన్న ఎందుకు నిలబడలే?"

"ట్రైనింగైనంక ఒద్దన్నరు. తాళముండంగ మనిషెందుకన్నరు. నన్ను మూటలకేసిన్రు."

"బాలేష్ ఏమన్నడు?"

గాలయ్య గ్లాసు బండి మీద పెట్టాడు. చాయ్ సగం ఉంది.

"నవ్విండు. నువ్వు బీడీకి పోతవ్ మామా, తాళం బీడీకి పోదు అన్నడు."

భానుతేజ బహదూర్‌పల్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. ముందుగదిలో కెమెరా స్టాండు, లైటు ఉన్నాయి. కుర్మయ్య కూర్చోగానే అతనే మొదలుపెట్టాడు.

"చాలా బాధాకరం సార్. కానీ నా వైపు నుంచి కాన్సెప్ట్ క్లియర్‌గా చెప్పాను. నీ తాళం, నీ చెవి, నీ ప్రాణం. అందరితో గట్టిగా అనిపించాను. వీడియో కూడా ఉంది."

"తాళాలు వాళ్ల చేతికిచ్చి చేయించినవా?"

"అప్పటికి తాళాలు రాలేదు. తర్వాత కొంటామన్నారు. స్లైడ్‌లో చూపించాను."

"వచ్చినంక మళ్ల పోయినవా?"

"పిలవలేదు సార్."

"వస్తనని నువ్వడిగినవా?"

భానుతేజ లైటు స్టాండు వైపు చూశాడు.

"సార్, ఫ్రీలాన్సర్‌ని. ఎక్కువ అడిగితే ఇంకొకరిని పిలుస్తారు."

కుర్మయ్య కారెక్కి యమునకు ఫోన్ చేశాడు. ఒక్క ప్రశ్న అడిగాడు. జవాబు విన్నాక ఫ్యాక్టరీకి పోనివ్వమని డ్రైవర్‌కు చెప్పాడు. లంచ్ టైమ్. ప్యానెల్ దగ్గర ఎవరూ లేరు. అక్కడ ఐదు నిమిషాలు ఉండి, ఆ పూటకు బోర్డు దగ్గర కానిస్టేబుల్‌ను కాపలా పెట్టాడు.

సాయంత్రం నాలుగింటికి అందరినీ క్యాంటీన్‌కు పిలిపించాడు. మహేందర్, వినోద, పర్వతాలు, గాలయ్య, మిగతా వర్కర్లు. భానుతేజ కూడా వచ్చాడు. బోర్డును ఊడదీయించి టేబుల్ మీద పెట్టించాడు.

"మహేందర్ గారూ, మీరేమంటున్నరో ఇంకోసారి చెప్పుర్రి."

"సింపుల్ సార్. బాలేష్ తాళానికి ఒకటే చెవి. ఆ చెవి అతని మెడలోనే ఉంది. ఇంకెవరూ తీసే చాన్స్ లేదు. అంటే అతను తాళం వేయలేదు."

"మొదలు నేనూ గట్లనే అనుకున్న," అన్నాడు కుర్మయ్య. "ఇగ బోర్డు చూడుర్రి. వాడని తాళానికి చెవి ఏడున్నది?"

"తాళానికే ఉంది."

"అన్నిటికీ?"

"అన్నిటికీ."

"చెవి ఎప్పుడు గుంజుతరు?"

జవాబు గాలయ్య నుంచి వచ్చింది. "స్విచ్‌కు తాళమేసినంక సారూ."

"మరి బాలేష్ తాళాన్ని కొక్కేనికే ఇడిచిపెట్టి, ఒట్టి చెవి పీక్కొని మెడల ఏసుకొని పోయిండా? ఎందుకు? తాళం వెయ్యనోని మెడలకు చెవి రాదు. చెవి మెడల ఉన్నదంటే తాళం స్విచ్‌కు పడ్డది. మీరు ఏ చెవిని చూసి వెయ్యలేదన్నరో, వేసిండని చెప్పేది గా చెవే."

"సార్, వేస్తే మరి తీసిందెవరు?" మహేందర్ అడిగాడు. "చెవి లేకుండా ఎలా తీస్తారు?"

కుర్మయ్య బాలేష్ తాళాన్ని టేబుల్ మధ్యలో పెట్టాడు.

"గాలయ్యా, నీ చెవి తీసి దీంట్ల పెట్టు."

గాలయ్య పెట్టాడు. తిప్పాడు. తాళం తెరుచుకుంది.

గాలయ్య చెయ్యి అలాగే ఉండిపోయింది. కుర్మయ్య తాళాన్ని నొక్కి మూసి పక్కవాడికి ఇచ్చాడు. అతని చెవికీ తెరుచుకుంది. ఆ పక్కవాడి చెవికీ తెరుచుకుంది. నాలుగో మనిషి తన చెవి పెట్టడానికి ఒప్పుకోలేదు. దూరం జరిగాడు.

"లాట్‌లో ఏదో డిఫెక్ట్ ఉంది సార్," అన్నాడు మహేందర్. "షాపువాణ్ని పిలిపిస్తాను."

"డిఫెక్ట్ కాదు." వినోద గొంతు అది. ఆమె నేల చూస్తూనే మాట్లాడింది. "షాపాయన రెండు రకాలు చూపించిండు సార్. అన్నిటికి ఒకటే చెవి పట్టేటివి తెమ్మన్నది మీరే. వీళ్లు చెవులు పారేసుకుంటరు, మాటిమాటికి తాళం కోసుడెందుకు అన్నరు. గప్పుడు నాకు గూడ మంచిగనే అనిపించింది."

"వినోదా, ఆలోచించి మాట్లాడు."

"గప్పుడు ఆలోచించలే సార్."

కుర్మయ్య పర్వతాలు వైపు తిరిగాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

పర్వతాలు టవల్‌తో ముఖం తుడుచుకున్నాడు.

"పోయిన వారం సార్. ఒకడు తాళమేసి అన్నానికి పోయిండు. మిక్సర్ ఆగింది. నా చెవి పెట్టి చూసిన. వచ్చింది. మేనేజర్ సార్‌కు చెప్పిన. మంచిదే గదా అన్నడు."

"నిన్న?"

"గట్లనే అనుకున్న. తాళమేసి చాయ్‌కు పోయిండనుకున్న. తీసి కొక్కేనికి తగిలించిన. స్టార్ట్ నొక్కిన."

"మీదికి పోయి చూస్తె అయిపోవు గద?"

"మెట్లెక్కాలె సార్."

గాలయ్య కుర్చీ తన్ని లేచాడు. ఇద్దరు వర్కర్లు అతన్ని పట్టుకున్నారు. పర్వతాలు తల ఎత్తలేదు. "నాకు క్లాస్ చెప్పలే సార్," అన్నాడు. "ఫొటోకు రమ్మంటే వచ్చిన."

భానుతేజ గొంతు సవరించుకున్నాడు. "ఒకే చెవి ఉంటుందని నేనెలా ఊహిస్తాను సార్?"

"యమునమ్మకు ఫోన్ చేసిన," అన్నాడు కుర్మయ్య. "నీ క్లాసు ఎట్ల మొదలువెడ్తవమ్మా అని అడిగిన. ఒకరి చెవి ఇంకొకరి తాళంల పెట్టిస్త అన్నది. తెరుచుకుంటే తాళాలు వాపస్ పంపిచ్చినంకనే క్లాసు చెప్తదంట. స్విచ్ కాడి మనిషిని గూడ, నేను మళ్ల వచ్చి చూసేదాక తియ్యకుర్రి అని చెప్తదంట. గది తనిఖీ కాదు మహేందర్ గారూ. గదే ట్రైనింగ్."

పర్వతాలును ఆ సాయంత్రమే అరెస్టు చేశారు. మహేందర్ మీద కూడా కేసు రాశారు. అతని లాయర్ అప్పటికే బెయిల్ పేపర్లతో స్టేషన్‌లో ఉన్నాడు. భానుతేజ స్టేట్‌మెంట్ తీసుకుని పంపించారు. మర్నాడు అతనికి ఇంకో కంపెనీలో క్లాసు ఉంది. వెళ్లాడు.

వారంలోగా అందరికీ మళ్లీ ట్రైనింగ్ ఇప్పించాలని వినోదకు హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఒక్క పూటలో అయ్యేలా చూడమని కింద రాశారు. ఆమె యమునకు ఫోన్ చేసింది. ముందు మిషన్లు చూడాలంది యమున. హెడ్డాఫీసు ఇంకో పేరు పంపింది.

కుర్మయ్య లాల్‌గడి మలక్‌పేట్ పోయాడు. బాలనర్సమ్మ బర్రెకు గడ్డి వేస్తోంది. వాకిట్లోనే నిలబడి సంగతంతా చెప్పాడు.

"తాళం ఏసిండా?"

"ఏసిండమ్మా. రిపోర్టుల రాసిన. నీ కొడుకు తప్పు లేదు."

"వాళ్లు నేర్పినట్టే జేసిండా?"

"నేర్పినట్టే చేసిండు."

ఆమె చేతిలో గడ్డి కింద పెట్టింది. తర్వాత అడిగింది.

"మరి నేర్పినాయనకు?"

"ఆయన మీద కేసు కాదమ్మా."

బర్రె గడ్డి కోసం మెడ చాచింది. ఆమె చూడలేదు.

"ట్రైనింగ్ అయిన దినం మస్తు సంబురంగ వచ్చిండు సారూ," అంది. "ఇగ భయం లేదమ్మా అన్నడు. అప్పటిదాక రోజూ భయపడుకుంటనే పోయిండు. రోజూ ఇంటికొచ్చిండు."