క్యాప్సికం మడుల్లో పచ్చగడ్డి

ఉద్యాన సలహాదారు ఎడమ చేతికి కట్టుతో డిటెక్టివ్ గదిలోకి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మొక్కజొన్న మాని కూరగాయలు వేయమని ఊరిని ఒప్పించింది నేనేనండి. అందరికంటే ముందు నమ్మింది ఒక ఇల్లాలు. ఆవిడ పాలీహౌస్‌లో క్యాప్సికం మొత్తం నాలుగు రోజుల్లో చచ్చిపోయింది. నా నారులోనే తెగులుందని మిగతా పన్నెండు కుటుంబాలూ తమ మొక్కలు పీకి తగలబెట్టాయి. ఆపైన నా చెయ్యి విరిచారు. ఇక ప్రాణం తీస్తారండి."

మర్నాడు ఉదయం డిటెక్టివ్, అతని సహాయకురాలైన మేనకోడలు ఆ పాలీహౌస్‌లో ఉన్నారు. క్యాప్సికం ఆకులు తాళ్ళలా మెలిపడ్డాయి. వాటి మధ్య మొలిచిన గడ్డి మాత్రం నిగనిగలాడుతోంది.

"తెగులు కాదు, మొక్కజొన్నకి కొట్టే కలుపు మందు. గడ్డిజాతిని వదిలేసి వెడల్పాకుల్ని చంపుతుంది," అన్నాడు డిటెక్టివ్.

మేనకోడలి కళ్ళు మెరిశాయి. అంతలోనే సందేహం. "కానీ మామయ్యా, తాళంచెవి ఆవిడ మెళ్ళోనే ఉంటుందట. లోపలికి ఎవరొచ్చారు?"

"నీళ్ళొచ్చాయిగా!"

డ్రిప్పు గొట్టం వెంట నడిస్తే ఇంటి వసారాను ఆనుకున్న తొట్టి దగ్గర తేలారు. తొట్టి పక్కనే మంచం మీద, కాలికి పిండికట్టుతో ఇల్లాలి భర్త. మంచం కింద నిరుటి మొక్కజొన్న సేద్యంలో మిగిలిన మందు డబ్బాలు. వసారా అంచున అత్తగారి గుమ్మడి తీగ. మంచం వైపు ఆకులు మెలితిరిగాయి.

"చేతులెక్కడ కడుక్కుంటారు?" అడిగాడు డిటెక్టివ్.

"లేవలేను కదండీ. ఇక్కడే, మంచం మీంచి వంగి."

మధ్యాహ్నానికి డిటెక్టివ్ ఇంటివాళ్ళనీ, ఊరి రైతుల్నీ, సలహాదారునీ వసారాలో కూర్చోబెట్టాడు.

"మందు తొట్టిలో పోసినవాళ్ళు, కొలిచిన గ్లాసు ఈ తీగ మొదట్లో కడిగారు. కాయ కోసం కాచుకున్న పెద్దావిడ ఆ పని చేయదు. కోడలైతే కాలవలో కడిగేది. కదల్లేని మనిషే ఇక్కడ కడగాలి."

"ఒరేయ్, నువ్వా?" అంది తల్లి.

"నన్ను ఊళ్ళో క్యాప్సికమమ్మ మొగుడంటున్నారు," అన్నాడు భర్త తాపీగా. "నాకింత ముద్ద పెట్టడానికి దీనికి తీరికే లేదు."

"అయితే మా మొక్కలు?" అడిగాడు ఒక రైతు.

"మీరు తగలబెట్టిన వాటికి ఏ రోగమూ లేదు," అన్నాడు డిటెక్టివ్.

ఎవరూ తలెత్తలేదు. ఇల్లాలు మాత్రం సలహాదారు వైపు తిరిగింది.

"మళ్ళీ నారు దొరుకుతుందా అన్నయ్యా?"

"అదను దాటిపోయిందమ్మా. వచ్చే ఏడాదే."

భర్త హాయిగా వెనక్కి వాలాడు.

"ఆకలేస్తోంది. అన్నం పెట్టు."